భోజనమునకు బదులు పానీయము

స్థూలకాయము తగ్గవలెనని కొందరు రాత్రి భోజనము మాని, డబ్బాలలో దొరకు పొడిని కలిపి త్రాగుచున్నారు. వంటశ్రమ లేదు, గ్లాసుకు సుమారు 200 కేలరీలని కొలతయు తెలియును. అయితే వట్టి ప్రొటీను పొడి భోజనమునకు బదులు కాజాలదు. విటమినులు, ఖనిజ లవణములు కూడ తగుపాళ్లలో ఉన్నదానినే ఎంచవలెను.

బ్రిటనులో జరిగి 2017లో వెలువడిన ‘డైరెక్ట్’ పరిశోధనలో మధుమేహ రోగులు 3 నుండి 5 నెలలు రోజుకు సుమారు 850 కేలరీల పానీయములతోనే గడపిరి. ఏడాది నాటికి 46 శాతము మందికి మందులు లేకయే వ్యాధి ఉపశమించినది. మధుమేహపు మాత్రలను వైద్యులే ముందుగా ఆపించిరి సుమా! ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు తమంతట తాము పూట మానినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఈ పద్ధతి తగదు.

అసలు చిక్కు పానీయము మానిన నాడు మొదలగును. పాత భోజనము ఒక్కసారిగా తిరిగివచ్చిన, తగ్గిన బరువును తిరిగివచ్చును. కనుకనే ఆ పరిశోధనలో 2 నుండి 8 వారములపాటు ఆహారమును మెల్లగా చేర్చిరి. పంచకర్మానంతరము ఆయుర్వేదము విధించు సంసర్జన క్రమమును ఇట్టిదే: తొలుత పలుచని పేయ, పిదప చిక్కని విలేపి, ఆపై యూషము. అది జఠరాగ్నిని నిలుపుటకు చెప్పినది. ఉద్దేశము వేరైనను నడక ఒకటే. ఇంటిలో మొదటి వారము రాత్రిపూట పెసరకట్టు, ఉడికించిన సొరకాయ తీసికొని, రెండవ వారము ఒక పుల్కా చేర్చవచ్చును. వారమునకొకసారి బరువు చూచుకొని, పెరిగినచో కొన్నాళ్లు మరల ఒక పూట పానీయమునే త్రాగవలెను.