రోలు, ఉరల్, ఒక స్వాప్

కొత్తకోటలో మా నానమ్మ రోట్లో నూరే పచ్చడి గురించి చెప్తుంటే, తమిళ రూమ్మేట్ "ఓ, ఉరల్!" అన్నాడు. నవ్వొచ్చింది. కానీ రెండూ ఒకటే మాటట. 'ర' అచ్చును దాటి ముందుకు దూకింది, వెనక మిగిలిన ఉ, అ కలిసి 'ఓ' అయినయ్. పేరు వర్ణవ్యత్యయం. మన సీఎస్ఈ వాళ్లకైతే స్వాప్.

అట్లనే వాళ్ల విరల్ మనకు వ్రేలు, మరం మ్రాను. తర్వాత ఆ 'ర' కూడా రాలిపోయి వేలు, మాను మిగిలినయ్. (మా ఊరి పేరులోని కొత్త కూడా ఒకప్పుడు క్రొత్తే.) ఫిజీ దేశపు రొటుమా దీవిలో ఈ స్వాప్ ఇంకా రన్ అవుతోంది: పువ్వు వాక్యాన్ని బట్టి ఒకచోట 'హోస', ఇంకోచోట 'హోఅస్'.

నానమ్మ వేలును 'ఏలు' అంటది. ఇంగ్లిష్ మీడియం పొగరుతో ఎన్నిసార్లు దిద్దానో! 'ర' పోయింది, ఇప్పుడు 'వ' వంతు, అంతే.