డాబా మీది నల్ల దుమ్ము

రాయ్‌పూర్‌కు బదిలీ మీద వచ్చిన మొదటి చలికాలంలో డాబా మీద ఆరేసిన తెల్ల బట్టలు తీస్తే చేతులకు నల్లగా అంటుకునేది. ఏ ఇంటి పొయ్యి పొగో అనుకున్నాం. ఉర్లా, సిల్తరా వైపు నుంచి వచ్చే దుమ్మని ఇరుగుపొరుగు చెప్పారు. అక్కడున్న కర్మాగారాల్లో స్పాంజ్ ఐరన్ తయారుచేసేవి చాలా ఉన్నాయి.

ఈ పని మన తెలుగువారికి కొత్తదేమీ కాదు. మన దేశంలో బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తీసే తొలి కర్మాగారాల్లో ఒకటి 1980లో పాల్వంచలో మొదలైంది. సింగరేణి బొగ్గు పక్కనే ఉండడం దానికి కలిసొచ్చింది.

తిరిగే పొడవాటి గొట్టంలాంటి కొలిమిలో ఇనుప ఖనిజాన్ని, బొగ్గును కలిపి సుమారు 1000 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఖనిజం కరగదు. అందులోని ఆక్సిజన్ మాత్రం పోతుంది. మిగిలిన ఇనుము స్పాంజిలా చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది. ఒక టన్ను ఇనుముకు దాదాపు టన్నున్నర ఖనిజం, టన్నుకు పైగా బొగ్గు పడతాయి. తూకం చూస్తేనే తెలుస్తుంది, లోపలికి పోయిన దానిలో సగానికి పైగా ఇనుము కాకుండానే బయటికొస్తుంది.

అలా బయటికొచ్చేవి ముఖ్యంగా మూడు. ఒకటి, సగం కాలిన బొగ్గు. దీన్ని డోలోచార్ అంటారు. ఒకప్పుడు గుట్టలుగా పడేసేవారు, ఇప్పుడు తగిన బాయిలర్లలో బొగ్గుతో కలిపి కాలుస్తున్నారు. రెండోది వేడి. కొలిమి నుంచి వచ్చే వాయువును బాయిలర్ గుండా పంపితే ఆవిరి పుడుతుంది, దానితో టర్బైను తిరుగుతుంది. రోజుకు 100 టన్నుల కొలిమి నుంచి ఇంచుమించు 2 మెగావాట్ల కరెంటు వస్తుంది. ఈ రెండింటినీ వదులుకుంటే నష్టం యజమానికే. అందుకే ఎవరూ చెప్పకపోయినా మిగుల్చుకుంటాడు.

మూడోదైన దుమ్ము సంగతి వేరు. దాన్ని పట్టే యంత్రాన్ని ఈ.ఎస్.పి. అంటారు. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది కదా, అదే సూత్రం. విద్యుదావేశం ఎక్కిన దుమ్ము రేకులకు అంటుకుంటుంది, సుత్తులు కొట్టి రాల్చేస్తాయి. సరిగ్గా నడిస్తే నూటికి 99 పాళ్లు ఆగుతుంది. కానీ నడపడానికి కరెంటు కావాలి, పట్టిన దుమ్ముకేమో పెద్దగా ధర పలకదు. రాత్రివేళ ఆపేస్తే ఖర్చు మిగులుతుంది, చీకట్లో పొగ కనబడదు. ఇలా ఆపేస్తున్నారన్న ఫిర్యాదు ఈ ప్రాంతంలో పాతదే. ఇక్కడ లాభం మీద భరోసా పెట్టుకోలేం. పొగలో దుమ్ము ఘనమీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదన్న నిబంధన, దాన్ని రాత్రీ పగలూ కొలిచే మీటరు ఉండాల్సింది ఇందుకే.

మా తరగతి పిల్లలతో ఓ చిన్న పని మొదలుపెట్టాం. తెల్ల అట్టముక్కకు కొబ్బరినూనె రాసి డాబా మీద పెడుతున్నాం. పగలు పన్నెండు గంటలకు ఒకటి, రాత్రి పన్నెండు గంటలకు ఇంకొకటి. నూనె లేని పళ్లెంలో పడ్డ దుమ్ము దగ్గరికి అయస్కాంతం తెస్తే కొంత ఎగిరొచ్చి అంటుకుంది, పిల్లలు కేకలు పెట్టారు. ఇప్పటివరకు రాత్రి అట్టలే ఎక్కువ నల్లబడ్డాయి. చలికాలపు రాత్రుల్లో గాలి కదలక దుమ్ము కిందనే నిలిచిపోతుంది కాబట్టి, దీన్నిబట్టే యంత్రాలు ఆపేశారని అనలేం. ఎండాకాలంలోనూ ఇలాగే వస్తుందేమో చూడాలని అట్టలన్నిటికీ తారీఖు వేసి దాస్తున్నాం.