మోనాలిసాకు రెండు నిమిషాలు.. అమరావతి రాయికి గంట

యూరప్ టూరు: బయట ఫొటోలు సరే, లోపల ఏముందో చూశారా?

హోసూరు: బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు అమ్మానాన్నలను యూరప్ పంపించడం మన హోసూరు, డెంకణికోట వైపు ఇప్పుడు వింతేమీ కాదు. పది రోజుల్లో ఆరు దేశాలు. పొద్దున ఆరింటికి బస్సెక్కితే రాత్రి పదింటికి హోటలు. తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే ఫోను తీసి చూపిస్తారు. ఈఫిల్ టవర్ ముందు ఒక ఫొటో, లూవ్ర్ మ్యూజియం గాజు పిరమిడ్ ముందు ఒకటి, రోమ్‌లో కొలోసియం బయట ఇంకొకటి. మరి లోపల? ‘యాడప్పా, టైమే ఇయ్యలే’ అంటారు.

ఆ తప్పు వాళ్లది కాదు. టూరు కాగితంలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ఫొటో స్టాప్’ అని రాసి ఉంటే బస్సు ఆగుతుంది, పావుగంట దిగొచ్చు, లోపలికి టికెట్టు మాత్రం వాళ్లు ఇవ్వరు. ‘ఎంట్రీ’ అని ఉంటేనే లోపలికి తీసుకెళ్తారు. జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణానికి లక్షలు కట్టేముందు ఈ రెండు మాటలకు తేడా చూసుకోవాలి.

2025 మేలో మామ, అత్త, నేను టూరు వాళ్లతో కాకుండా సొంతంగా వెళ్లాం. పన్నెండు రోజులు, మూడే నగరాలు: పారిస్, రోమ్, లండన్. మామ నలభై ఏళ్లు కట్టుబడి మేస్త్రిగా చేసి మానుకున్నాడు. బొమ్మలంటే ఆయనకు పెద్ద ఆసక్తి లేదు. గోడ కనిపిస్తే మాత్రం తట్టి చూడకుండా ఉండలేడు.

జనం వీపు తిప్పుకునే బొమ్మ

పారిస్‌లో మొదటి రోజే లూవ్ర్. 2024లో ఈ మ్యూజియానికి 87 లక్షల మంది వచ్చారంటే రద్దీ ఊహించుకోవచ్చు. అందరూ పరిగెత్తేది ఒకే గదికి. అక్కడ మోనాలిసా ఉంది. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్కపలక, ముందు అద్దం, దాని ముందు కట్టిన అడ్డం, ఆ అడ్డం ముందు వందల ఫోన్లు. మా వంతు వచ్చేసరికి రెండు నిమిషాలు దక్కాయి. అత్తకు ముందువాళ్ల తలకాయలు తప్ప ఏమీ కనిపించలేదు.

అదే గదిలో ఎదురుగోడ మీద ఉన్న బొమ్మ వైపు చూసేవాళ్లు తక్కువ. వెరోనీస్ అనే చిత్రకారుడు 1563లో పూర్తిచేసిన పెళ్లివిందు బొమ్మ అది. దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆరున్నర మీటర్లకు పైగా ఎత్తు. వడ్డించేవాళ్లు, వాయించేవాళ్లు, కుక్కలు, పిల్లి, వందమందికి పైగా మనుషులు. అత్త దీని ముందు నుంచి కదల్లేదు. ‘ఇది మన కల్యాణ మంటపం మాదిరే ఉండాదే’ అని ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించింది.

వెనిస్‌లో ఒక మఠం భోజనశాల గోడకోసం గీసిన బొమ్మ ఇది. 1797లో నెపోలియన్ సైన్యం దించి, ముక్కలుగా కోసి పారిస్ తెచ్చింది. ఆ మఠంలో 2007 నుంచి దీని నకలు ఉంది. ఈ 1797 అన్న సంవత్సరం గుర్తుంచుకోండి, లండన్ వెళ్లాక మళ్లీ వస్తుంది.

పారిస్‌లోనే ఓర్సే మ్యూజియం కూడా చూశాం. 1900లో కట్టిన రైల్వేస్టేషనును 1986లో మ్యూజియం చేశారు. పెద్ద గడియారాలు ఇంకా గోడకే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి లూవ్ర్ కంటే ఇదే నయం. మంటల్లో 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచిన నోత్రదామ్ చర్చికి టికెట్టు లేదు, వరుస మాత్రం పొడుగ్గా ఉంటుంది.

కమ్మీ లేని గుమ్మటం

మామకు యూరప్ మొదలైంది రోమ్‌లో. అక్కడ పాంథియన్ అనే గుడి ఉంది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, అంటే సుమారు 1,900 ఏళ్ల కిందట కట్టారు. పైన ఒకే గుమ్మటం, అడ్డకొలత 43.3 మీటర్లు. నేల నుంచి గుమ్మటం కొస దాకా ఎత్తూ అంతే. మధ్యలో తొమ్మిది మీటర్ల దాకా వెడల్పున్న కన్నం, దానికి మూతే లేదు. వాన పడితే నేరుగా లోపలికే పడుతుంది. నీళ్లు పోవడానికి నేలకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు.

మామ తల పైకెత్తి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఏమప్పా, దీనికి కమ్మీ యాడేసినారు?’ అన్నాడు. కమ్మీ లేదు మామా అన్నాను. నమ్మలేదు.

నిజంగానే ఇనుము లేదు. సున్నం, అగ్నిపర్వతపు బూడిద కలిపిన కాంక్రీటు అది. మొదట్లో ఆరు మీటర్లకు పైగా ఉన్న మందం పైకి వెళ్లేకొద్దీ తగ్గి, కన్నం దగ్గర మీటరున్నరకు లోపే ఉంటుంది. కాంక్రీటులో వేసిన కంకర కూడా కింద బరువైన రాయి, పైన నీళ్లలో తేలేంత తేలికైన రాయి. లోపలివైపు చదరపు గుంటలు తీసి ఇంకాస్త బరువు దించారు. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. ఇదంతా చెప్పాక మామ అన్న మాట: ‘తుప్పు పట్టేదానికి ఏమీ లేదు, అందుకే నిల్చింది.’ ఇంజినీర్లు కూడా అదే చెబుతారు.

మర్నాడు వాటికన్‌లో సిస్టీన్ ప్రార్థనాలయం. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా పైకప్పు నిండా బొమ్మలు గీశాడు. పడుకుని గీశాడని చాలామంది అనుకుంటారు, కానీ ఆయన పరంజా మీద నిలబడి మెడ వెనక్కి వంచి గీశాడు. అందరూ బొమ్మలు చూస్తుంటే మామ పరంజాకు కొయ్యలు ఎక్కడ దూర్చి ఉంటారా అని గోడలు వెతికాడు. లోపల ఫొటోలు తీయనివ్వరు. నన్నడిగితే అదే మంచిది.

మన రాయి, లండన్ గది

లండన్‌కు యూరప్ వీసా పనికిరాదు, బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. ఆ ఖర్చు చూసి చాలామంది లండన్ మానేస్తారు. మన తెలుగువాళ్లు మానకూడదంటాను. బ్రిటిష్ మ్యూజియానికి టికెట్టు లేదు. కింది అంతస్తులో 33 నంబరు హాలు పక్కన అద్దాల వెనక ఒక గది ఉంది. దాని నంబరు 33ఏ. అందులో ఉన్నది అమరావతి స్తూపం.

1797లో కర్నల్ మెకంజీ మొదటిసారి చూసేనాటికే కృష్ణ ఒడ్డున ఆ దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేస్తున్నారు. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కడుతున్న రోజులవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. 1859లో వాటిలో 120కి పైగా ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడ కూడా వెంటనే దిక్కు దొరకలేదు. 1867లో ఫెర్గుసన్ అనే పండితుడు ఒక బగ్గీల కొట్టంలో వాటిని కనుక్కున్నాడు. బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. లండన్ గాలి, తేమ ఈ సున్నపురాయికి పడవు. అందుకే 1992లో ప్రత్యేకంగా గది కట్టి, గాలిని అదుపులో ఉంచుతున్నారు.

మేం వెళ్లినప్పుడు ఈజిప్టు మమ్మీల దగ్గర కాలు పెట్టే చోటు లేదు. ఈ గదిలో ముగ్గురమే. ఒక పలకకు రెండువైపులా చెక్కడం ఉంది. ఒకవైపు క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నాటిది. బోధిచెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు, బుద్ధుడి రూపం లేదు. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపం బొమ్మ చెక్కారు. పాత రాయి పారేయకుండా వాడుకున్నారన్నమాట. మామకు ఇది బాగా నచ్చింది. ‘మేమూ అట్లే చేస్తాం కదప్పా. ఇది మన కడప బండ జాతిదే’ అన్నాడు. ఆయన చెప్పింది దాదాపు సరే, ఇది పల్నాటి సున్నపురాయి. రోమ్‌లో ఆ గుమ్మటం లేస్తున్న శతాబ్దంలోనే ఇక్కడ శాతవాహనుల ఏలుబడిలో ఈ స్తూపాన్ని పెంచి కట్టారు. గంట సేపు ఉన్నాం. కాపలా ఆయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

ఈ రాళ్లను తిరిగి ఇవ్వాలా అన్న వాదన వేరే ఉంది. బ్రిటన్‌లో 1963 నాటి చట్టం ప్రకారం మ్యూజియం తన సొత్తును సులువుగా వదులుకోలేదు. ఆ సంగతి తేలేలోగా మిగతా సగం చూడొచ్చు. మద్రాసులో మిగిలిపోయిన అమరావతి పలకలు చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలోనే ఉన్నాయి. లండన్ వెళ్లేముందు అవి చూసుకుని వెళ్తే అక్కడి రాళ్లు తేలిగ్గా బోధపడతాయి. మేం తిరిగొచ్చాక చూశాం.

లూవ్ర్‌కు మంగళవారం, ఓర్సేకు సోమవారం సెలవు. లూవ్ర్ టికెట్టును 2026 జనవరిలో మనలాంటి బయటి దేశాలవారికి 32 యూరోలు చేశారు, ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. వాటికన్‌లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, చీరకైతే ఇబ్బంది లేదు. ఎగ్మోరుకు హోసూరు నుంచి రాత్రి బస్సు చాలు. అక్కడ సెలవు శుక్రవారం.