విటమిన్ మాత్రలు: పక్కింటాయనకు పనిచేసిందని మీరూ వేసుకుంటున్నారా? అయితే ఇది చదవండి..

రీల్స్ ఓపెన్ చేస్తే చాలు.. జుట్టుకు బయోటిన్, ఎముకలకు డీ3, నిద్రకు మెగ్నీషియం. ఇప్పుడు దీనికి కొత్త పేరు కూడా వచ్చింది, పర్సనలైజ్డ్ న్యూట్రిషన్. ఫోన్‌లో పది ప్రశ్నలకు టిక్ పెడితే 'మీ కోసమే' తయారుచేసిన ప్యాక్ ఇంటికొచ్చేస్తుంది. మరి అసలు అడగాల్సిన ప్రశ్న ఆ పదిలో ఉంటోందా? మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా పెద్దమ్మకు షుగర్. పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. పాలు పడవని మానేసి చాలా కాలమైంది. పోయినేడాది అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు మొదలయ్యాయి. "షుగర్ ఉన్నాక అలాగే ఉంటుంది" అని అందరం తేల్చేశాం. అన్నయ్య ఆన్‌లైన్‌లో ఓ మల్టీవిటమిన్ డబ్బా తెప్పిస్తే ఆరు నెలలు వేసుకుంది. ఏం తగ్గలేదు. చివరికి డాక్టర్ రక్తపరీక్ష రాస్తే అసలు సంగతి బయటపడింది. బీ12 బాగా తక్కువగా ఉంది.

ఎందుకలా? మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే కొందరిలో తిండిలోని బీ12 ఒంటికి సరిగా పట్టదు. పైగా ఈ విటమిన్ సహజంగా దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులోనే. అంటే పెద్దమ్మకు రెండు దారులూ మూసుకుపోయాయన్నమాట. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, బీ12 తగ్గినా లక్షణాలు దాదాపు ఒకటే. అందుకే చాలామంది పొరబడతారు. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా.

ఇంకో చిక్కుంది. బీ12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. 'విటమినే కదా, పోయేదేముంది' అనే మాట ఇక్కడే తేడా కొడుతుంది. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతుంటే అప్పుడప్పుడూ బీ12 టెస్ట్ చేయించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెబుతోంది.

ఇక విటమిన్ డీ సంగతి. మెడికల్ షాపులో ఇచ్చే '60కే' క్యాప్సూల్ మనందరికీ తెలిసిందే. అందులో ఉండేది 60,000 యూనిట్లు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు సూచించింది రోజుకు 600 యూనిట్లు. లెక్కేసుకోండి, ఒక్క క్యాప్సూల్ వంద రోజుల కోటా! లోపం ఉన్నవాళ్లకు డాక్టర్లు సాధారణంగా వారానికి ఒకటి, అది కూడా కొన్ని వారాలకే రాస్తారు. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే కష్టమే. ఇది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, ఎక్కువైంది అంత తేలిగ్గా బయటకు పోదు. రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం.. ముదిరితే కిడ్నీలకే దెబ్బ.

పోనీ లోపం లేకపోయినా ముందుజాగ్రత్తగా వేసుకుంటే? అమెరికాలో 25 వేల మందికి పైగా పాల్గొన్న వైటల్ అధ్యయనంలో రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డీ ఇచ్చి చూశారు. క్యాన్సర్ గానీ గుండెపోటు గానీ రావడం తగ్గలేదని 2018లో తేలింది.

జుట్టు కోసం వాడే బయోటిన్ మరో రకం. ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ రిపోర్ట్ తప్పుగా రావచ్చు. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా అంతే. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది, ట్రోపోనిన్ తక్కువగా చూపించిన ఒక కేసులో ప్రాణం పోయిందని కూడా చెప్పింది. కాబట్టి బ్లడ్ ఇచ్చే ముందు ల్యాబ్‌లో, డాక్టర్‌కు ఈ మాట తప్పక చెప్పండి.

అలాగని ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా ఉంటుందన్న మాట అబద్ధం కాదు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2015లో 800 మందికి సెన్సర్లు పెట్టి చూస్తే, ఒకే తిండికి ఒకరికి షుగర్ బాగా పెరిగింది, ఇంకొకరికి పెద్దగా పెరగలేదు. కానీ డీఎన్ఏ చూసి డైట్ చెప్పేస్తాం అంటే? స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిపై ఏడాది పాటు పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు. జన్యువులకు సరిపోయే డైట్ తిన్నంత మాత్రాన బరువు ఎక్కువ తగ్గలేదు. వేలకు వేలు పోసి ఆ కిట్ కొనేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

నన్నడిగితే పర్సనలైజ్డ్ అంటే ఇంతకంటే సింపుల్. ఏ మందులు వాడుతున్నారు, ఏం తింటారు, రక్తపరీక్షలో ఏం తక్కువ ఉంది, ఎన్నాళ్లు వాడాలి. ఈ నాలుగూ డాక్టర్‌తో మాట్లాడాక మాత్ర సంగతి. టైమింగ్ కూడా ముఖ్యమే. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఐరన్ సరిగా పట్టదు. థైరాయిడ్ మాత్రకు, కాల్షియం లేదా ఐరన్ మాత్రకు మధ్య నాలుగు గంటల గ్యాప్ ఉండాలి.

పెద్దమ్మకు డాక్టర్ బీ12 ఇంజెక్షన్లు రాశారు. మొన్న ఫోన్ చేస్తే మంటలు చాలావరకు తగ్గాయంది. కుడికాలి వేళ్ల దగ్గర తిమ్మిరి మాత్రం ఇంకా పోలేదట.