మిషనరీని పంపిన తరవాత

మిషనరీ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ఓడ దిగి వచ్చిన దొరగారు, దొరసానిగారే. ఇక్కణ్నించి ఓడెక్కి వెళ్లినవాళ్లూ ఉన్నారని చాలామందికి తెలియదు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగు బాప్టిస్టులు తమకో కాపరి కావాలని అడిగారు. తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన కియర్స్నీ తేయాకు తోట దగ్గర సంఘం స్థాపించారు. తోట నుంచి తోటకు తిరుగుతూ పనిచేసి 1915లో కన్నుమూశారు.

ఒకరిని సాగనంపడానికి ఒక ఆదివారం చాలు. ఆరాధన, తలమీద చేతులుంచి ప్రార్థన, పూలదండలు, గ్రూప్ ఫొటో. తరవాతి ఆదివారాల్లో సంఘం ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

ఇది ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చిన బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ నాటి నుంచీ ఉన్న చిక్కే. 1792 అక్టోబరు 2న ఇంగ్లండులోని కెటరింగ్‌లో, ఓ వితంతువు ఇంటి వెనకగదిలో కొందరు బాప్టిస్టు పాస్టర్లు కూడి మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఆ రోజు రాసిచ్చిన చందాలు 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. ఇండియాకు పోవడమంటే లోతెరగని గనిలోకి దిగడమేననీ, కేరీ దిగితే పైనున్నవాళ్లు మోకు పట్టుకోవాలనీ వాళ్లు ఒప్పుకున్నారట. కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ ఆ మాట నిలబెట్టుకున్నాడు. 1815లో పోయేదాకా ఊరూరా తిరిగాడు, స్కాట్లండ్‌కూ పదేపదే వెళ్లి చందాలు పోగుచేశాడు.

అయినా ఆ మోకు కేరీ ఇంటి లోపలిదాకా అందలేదు. భార్య డొరొతీకి రావడమే ఇష్టం లేదు. చెల్లెలు తోడొస్తానన్నాక బయల్దేరింది. 1794లో అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆపైన ఆమె మతి చలించింది, 1807లో పోయేదాకా కోలుకోలేదు. డబ్బుకు కటకటై కేరీ బెంగాల్లో ఓ నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కుదిరితే, వ్యాపారంలో పడి వచ్చిన పని మరవొద్దని ఇంగ్లండు నుంచి హితబోధ అందింది. ఉత్తరానికి నెలలు పట్టే రోజుల్లో, బిడ్డ పోయిన ఇంటికి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో! ఫుల్లర్ తరవాత కమిటీలోకి కేరీ మొహమైనా ఎరగనివాళ్లు చేరారు. ఆస్తులెవరివి, పెత్తనమెవరిది అన్న తగవు ముదిరి 1827లో కేరీ పనిచేస్తున్న సేరంపూర్ మిషన్ ఆ సొసైటీతోనే తెగతెంపులు చేసుకుంది.

నెల్లూరులో కథ ఇంకోలా నడిచింది. శామ్యూల్ డే 1840లో అక్కడ మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో ఇరవై ఏళ్లయినా చేరినవాళ్లు పట్టుమని వందమంది లేరు. ఎత్తేద్దామా అని అమెరికాలోని మిషన్ బోర్డు మళ్లీ మళ్లీ చర్చించింది. 1862లో ఆరోగ్యం చెడి స్వదేశంలో ఉన్న నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ మాత్రం మీరు పంపకపోయినా నేను వెళ్తానని భీష్మించాడు. సరే, నిన్ను పాతిపెట్టడానికైనా ఒకర్ని తోడు పంపాలి కదా అని కార్యదర్శి అన్నట్టు చెప్పుకుంటారు. అలా వచ్చిన కుర్రాడే జాన్ క్లౌ. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి డబ్బు దొరికేలా చేసిన ఒంగోలు క్లౌదొర ఆయనే. బోర్డు విసుక్కుంటూనే తలొగ్గింది. కొన్నిసార్లు అదీ సాయమే.

పంపినవాళ్ల ఆదరణ ఎంత అవసరమో ఈ కాలపు లెక్కలూ చెబుతాయి. 1990లలో అంతర్జాతీయ సువార్తిక సంఘాల కూటమి ఒకటి 14 దేశాల మిషన్ సంస్థల దగ్గర లెక్కలు తీసింది. ఏటా నూటికి అయిదుగురు చొప్పున పని వదిలేస్తున్నారని తేలింది. అందుకు చెప్పిన కారణాల్లో చాలావరకు ఆపగలిగినవే. పాత మిషన్ దేశాల్లో పిల్లల సమస్యలు ముందుంటే, ఇండియాలాంటి కొత్త దేశాల జాబితాలో పైన కనిపించింది సొంత సంఘం ఆదరణ లేకపోవడం.

ఆదరణంటే డబ్బొక్కటే కాదంటారు. నిజమే, కానీ డబ్బు సంగతి తేల్చకుండా మిగతావి మాట్లాడితే ఎవరి కడుపూ నిండదు. మిజోరంలో 1910 నుంచి ఓ పద్ధతి నడుస్తోంది. వంట చేసే ప్రతిసారీ ఇల్లాలు బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. సంఘంలోని స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసి అమ్ముతారు. ‘బుహ్‌ఫై థామ్’ అంటారు దీన్ని. ఆ పిడికెళ్లే ఏటా కోట్ల రూపాయలై ప్రెస్బిటేరియన్ సంఘం మిషన్ పనిని పోషిస్తున్నాయి. ఇందులో మెచ్చుకోవాల్సింది మొత్తం కన్నా క్రమాన్ని. పరదేశంలో ఇంటద్దె నెలనెలా కట్టాలి. క్రిస్మస్‌కు పంపే పెద్ద కవరు ఆగస్టు అద్దెకు అక్కరకు రాదు. పైగా రూపాయల్లో ఖాయం చేసిన భత్యం, రూపాయి విలువ పడినప్పుడల్లా అక్కడ దానంతటదే తరిగిపోతుంది. ఏడాదికోసారైనా ట్రెజరర్ కూర్చుని తిరగలెక్క వేయాలి.

వాట్సాప్ వచ్చాక దూరం తగ్గిందనుకుంటాం. గ్రూపులో దండం బొమ్మలు, ‘ప్రైజ్ ది లార్డ్ బ్రదర్’లు రోజూ వెళ్తాయి. “ఏమయ్యా, నిద్ర పడుతోందా? పాపకి బడి దొరికిందా?” అనడిగే ఫోను అరుదు. రిపోర్టులో బాప్తిస్మాల లెక్క తగ్గితే చందా ఆగుతుందేమోనన్న బెరుకున్నంత కాలం మిషనరీ కూడా ఉన్నదున్నట్టు చెప్పడు. అందుకే కానుకల వ్యవహారంతో సంబంధం లేని మనిషిని, ఓ డాక్టరునో అనుభవమున్న పెద్దావిడనో, ఆ కుటుంబంతో మాట్లాడేందుకు పెట్టుకోవడం మేలు. మతప్రచారంపై ఆంక్షలున్న చోట ఉన్నవాళ్ల ఫొటో, ఊరి పేరు సంఘం ఫేస్‌బుక్‌లో పెడితే వాళ్ల వీసాకే కాదు, వాళ్లతో తిరిగే స్థానికులకూ ముప్పే.

మన ఇళ్లలో ఇంకో ముడి ఉంది. అక్కడ ఉన్నది ఒక్కగానొక్క కొడుకైతే, ఇక్కడ అమ్మ మోకాలి ఆపరేషనుకు సంతకం ఎవరు పెట్టాలి? నాన్నకు బీపీ మందులు ఎవరు తేవాలి? యువజన సంఘం వంతులేసుకుని ఆ ఇంటికి పోయి వస్తుంటే, వేల మైళ్ల అవతల మనిషి కుదురుగా పనిచేసుకుంటాడు. హఠాత్తుగా రావాల్సివస్తే విమానం టికెట్టుకు కొంత సొమ్ము విడిగా బ్యాంకులో ఉండాలి. చావు కబురు అందాక చందాల పుస్తకం తీస్తే ఏం లాభం?

పిల్లల చదువు కోసం ఒకప్పటి మిషన్లు కొండలెక్కాయి. కొడైకెనాల్‌లో 1901లో పెట్టిన బడి మిషనరీల పిల్లల కోసమే. విదేశంలో చదివే తెలుగు పిల్లల ఇబ్బంది వేరు. తిరిగొచ్చి ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో చేరాలంటే రాయాల్సిన ప్రవేశపరీక్ష ఈఏపీసెట్. ఆ సీట్లలో ఎవరు ‘లోకల్’ అన్నది ఎక్కువగా ఎక్కడ, ఎన్నేళ్లు చదివారన్న దాన్నిబట్టే తేలుతుంది. పిల్లాడు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఉండగానే ఈ సంగతి తల్లిదండ్రుల చెవిన వేసే మాస్టారు ప్రతి సంఘంలోనూ ఒకరైనా దొరుకుతారు. అడగాలంతే.

నీల్ పిరోలో అనే అమెరికన్ రచయిత 1991లో పంపేవాళ్ల కోసమే ఒక పుస్తకం రాశాడు. అందులో ఆరు రకాల సాయం చెప్పాడు. ఆరోది, తిరిగొచ్చినప్పుడు ఆదుకోవడం. సంఘాలు ఎక్కువగా మరిచేదీ అదే. సెలవు మీద వచ్చినవాణ్ని దిగిన మర్నాడే సాక్ష్యం చెప్పమని ఊరూరా తిప్పుతారు. అతనికి ముందు కావాల్సింది అద్దెకో ఇల్లు, గ్యాస్ కనెక్షను, పిల్లలకు స్కూలు అడ్మిషను, ఒకసారి డాక్టరు దగ్గర పూర్తి చెకప్పు. మొదటి నెల వీటికి వదిలేసి, ప్రసంగం రెండో నెలలో పెట్టించుకోవచ్చు.