మడతలోనే ఉంది నిలకడ

ముందుగది ఒక్కటే. చదువుకునే పిల్లవాడికీ, టీవీ చూసే పెద్దలకీ, మంచం పట్టిన తాతయ్యకీ అదే చోటు. చోడవరంలాంటి ఊళ్లలో ఇలాంటి ఇళ్లకు కొత్తగా గోడ కట్టే వీలుండదు. దండెం కట్టి పాత చీర వేసి సర్దుకుంటారు. అంతకంటే మేలైన ఉపాయం గుడ్డ బిగించిన మడత తెర. అవసరమైనప్పుడు తెరిచి నిలబెట్టవచ్చు, అక్కర తీరాక మడిచి తలుపు వెనక పెట్టవచ్చు.

ఈ తెరకు పుట్టిల్లు చైనా. 17వ శతాబ్దంలో అక్కడి లక్క తెరలు మన తూర్పు తీరపు రేవుల మీదుగా ఐరోపాకు వెళ్లాయి. అందుకే అక్కడివాళ్లు వాటిని కోరమాండల్ తెరలన్నారు. చేసింది చైనా, పేరు మన తీరానిది!

అడుగున కాళ్లు లేవు, గోడకు మేకు లేదు. మరి ఎలా నిలబడుతుంది? ఏ వస్తువైనా దాని గరిమనాభి నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత, ఆ వస్తువు నేలను ఆనే పరిధిలో పడినంతసేపే అది నిలుస్తుంది. 45 సెం.మీ. వెడల్పు, 165 సెం.మీ. ఎత్తు ఉన్న మూడు చట్రాలను తిన్నగా నిలిపితే ఆ పరిధి లోతు చట్రం మందమంతే, అంటే 2.5 సెం.మీ. ఒక్కో చట్రాన్ని ఆ తిన్నని గీత నుంచి 30 డిగ్రీలు వంచి వంకరటింకరగా నిలిపితే లోతు 22.5 సెం.మీ. అవుతుంది. తెర బరువు 8 కిలోలనుకుందాం. తిన్నగా ఉన్నప్పుడు పై అంచు మీద 60 గ్రాముల తోపు చాలు, ఒరిగిపోతుంది. వంచినప్పుడు సుమారు 550 గ్రాములు కావాలి. 45 డిగ్రీలు వంచితే దాదాపు 770. బరువు పెంచలేదు, కర్ర మార్చలేదు. ఆ తేడా అంతా మడతదే.

కాబట్టి బందులు బిగించే తీరు ముఖ్యం. బందు ఇరుసు ఏ వైపు ఉంటే తెర ఆ వైపుకే మూసుకుంటుంది. మొదటి జతకు ముందు వైపు, రెండో జతకు వెనక వైపు బిగిస్తేనే వంకరటింకర వస్తుంది. జపాన్‌లో 14వ శతాబ్దం నాటికి కాగితపు బందులు వచ్చి, రెండు వైపులా మడిచే వీలు కలిగింది.

ఇక చట్రం. నాలుగు రీపర్లను మేకులతో కలిపితే అది పక్కకు వాలుతుంది, ఎందుకంటే కోణాలు మారినా భుజాల పొడవులు మారవు. త్రిభుజానికి ఆ స్వేచ్ఛ లేదు. ప్రతి మూలలో ప్లైవుడ్ త్రికోణం ముక్క ఫెవికాల్ రాసి బిగించండి. ఆ జిగురు ఆరేలోపే మూలల మధ్య కొలవండి. పైన చెప్పిన కొలతలకు రెండు కర్ణాలూ 171 సెం.మీ. ఉండాలి. కర్ర బాగా ఆరినదై ఉండాలి. పచ్చి కర్ర ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, అతుకులు విడిపోతాయి.

గుడ్డను ముందే గంజి పోయేలా ఉతికి ఆరబెట్టాలి. మగ్గం మీద లాగి బిగించిన నూలు తడిస్తే సడలి కుదించుకుంటుంది. ఆ కుదింపు బిగించాక జరిగితే చట్రం మెలిపడుతుంది. పడుగు దారాలు చట్రం నిలువు అంచుకు సమాంతరంగా ఉండాలి. గుడ్డ పడుగు మీద, పేక మీద అంతగా సాగదు కాని ఏటవాలుగా లాగితే ఇట్టే సాగుతుంది. అందుకే మేకులు ముందు నాలుగు అంచుల నడుమ కొట్టి, మెల్లగా మూలలకు రావాలి. నేత దుప్పటి గుడ్డ దీనికి చాలా బాగుంటుంది. పొందూరు సన్న ఖద్దరు అందమైనదే గాని, వెనక దీపం వెలిగితే మనిషి నీడ స్పష్టంగా పడుతుంది.

ఈ తెర చూపును ఆపుతుంది, మాటను ఆపదు. శబ్దాన్ని ఆపాలంటే చదరపు మీటరుకు ఎంత బరువుందన్నదే లెక్క. గుడ్డకు ఆ బరువు లేదు.

అరకిలో, ముప్పావు కిలో తోపు అంటే పసిపిల్ల చేతికి పెద్ద పని కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక చివరి చట్రాన్ని గోడకు కొక్కెంతో తప్పక తగిలించండి.