మహమ్మారి వేళ నర్సుల ఆందోళన, సన్నద్ధత: రాయ్‌పూర్ నేర్పిన పాఠం

కొవిడ్-19ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా ప్రకటించింది. కొద్ది రోజులకే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో తొలి కేసు రాజధాని రాయ్‌పూర్‌లో నమోదైంది. విదేశం నుంచి తిరిగివచ్చిన ఆ రోగికి రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో చికిత్స అందించారు. ఏప్రిల్‌లో కోర్బా జిల్లా కట్‌ఘోరాలో వ్యాధి ప్రబలినప్పుడు అక్కడి బాధితులనూ ఇదే ఆసుపత్రికి తరలించారు. అప్పటికి టీకా లేదు, నిర్దిష్టమైన ఔషధమూ లేదు. రోగిని కాపాడినవి ప్రధానంగా ప్రాణవాయువు, నిరంతర పర్యవేక్షణ, పరిచర్య. వీటి భారం అధికంగా నర్సులపైనే పడింది.

ఆందోళనకు మూలం

వైద్యుడు పరీక్షించి వెళ్లిన తరువాత కూడా నర్సు రోగి చెంతనే ఉండాలి. రక్తంలో ఆక్సిజన్ స్థాయిని గమనించడం, సెలైన్ ఎక్కించడం, రోగిని బోర్లా పడుకోబెట్టడం వంటివన్నీ అతి సమీపంలో నిలిచి చేయవలసిన పనులు. బంధువులకు ప్రవేశం లేని వార్డులో రోగికి ధైర్యం చెప్పవలసినదీ వారే. తమకు సోకుతుందన్న భయం కన్నా, వ్యాధిని ఇంట్లోని పసిపిల్లలకో వృద్ధులైన తల్లిదండ్రులకో అంటిస్తామేమోనన్న దిగులు అనేకమందిని ఎక్కువగా వేధించింది. దేశంలో పలుచోట్ల ఇల్లు ఖాళీ చేయమని యజమానులు ఒత్తిడి చేసిన సంఘటనలూ వెలుగుచూశాయి. రాయ్‌పూర్‌లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండల్లో పీపీఈ కిట్ ధరించి, గంటల తరబడి మంచినీళ్లయినా తాగకుండా పనిచేయడం శరీరానికీ కఠిన పరీక్షే.

సన్నద్ధత అంటే ఏమిటి?

విధులకు సిద్ధపడటం వేరు, సన్నద్ధులై ఉండటం వేరు. మొదటిది నర్సు సంకల్పం. రెండవదాన్ని ఆసుపత్రి సమకూర్చాలి. పీపీఈ కిట్‌నే ఉదాహరణగా తీసుకుంటే, ధరించేటప్పటి కన్నా విప్పేటప్పుడే ప్రమాదం ఎక్కువ. కలుషితమైన వెలుపలి భాగం చేతికి తగలకుండా, నిర్ణీత క్రమంలో, మధ్యమధ్య చేతులు శుభ్రపరచుకుంటూ తొలగించాలి. అలసిన వేళ ఈ క్రమం తప్పకుండా ఉండాలంటే పదేపదే సాధన చేయాలి, పక్కన మరొకరు గమనిస్తూ ఉండాలి. చేయవలసినది స్పష్టంగా తెలిసినప్పుడు భయం పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంటుంది.

ప్రభుత్వ భరోసా

కొవిడ్ విధుల్లో ఉన్న ఆరోగ్య సిబ్బందికి 2020 మార్చి 30 నుంచి వర్తించేలా కేంద్రం 50 లక్షల రూపాయల బీమా కల్పించింది. ఆరోగ్య సిబ్బందిపై దాడులను నిరోధించేందుకు ఏప్రిల్ 22న అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. తీవ్రంగా గాయపరిచిన వారికి గరిష్ఠంగా ఏడేళ్ల జైలుశిక్షకు అందులో వీలుంది. 2021 జనవరి 16న దేశవ్యాప్తంగా ప్రారంభమైన టీకా కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బందికే తొలి ప్రాధాన్యం లభించింది.

శిక్షణతో తీరనిది

రెండో దశ ఉద్ధృతిలో రాయ్‌పూర్ జిల్లాలో 2021 ఏప్రిల్ 9 నుంచి లాక్‌డౌన్ విధించవలసి వచ్చింది. అప్పటికి నర్సులకు అనుభవం ఉంది, టీకా రక్షణా ఉంది. అయినా పడకలన్నీ నిండినప్పుడు ఒక్కొక్కరు చూడవలసిన రోగుల సంఖ్య పెరుగుతుంది. ఆ లోటును ఎంతటి శిక్షణా పూడ్చలేదు. ప్రపంచంలో 2.79 కోట్ల మంది నర్సులు ఉన్నారని, మరో 59 లక్షల మంది కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఏప్రిల్‌లోనే వెల్లడించింది.

కొవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి 2023 మే 5న ముగిసింది. మరో మహమ్మారి ఎప్పుడు వచ్చినా మొదట రోగి పక్కన నిలిచేది నర్సులే. రోగులకు తగిన సంఖ్యలో నర్సుల నియామకం, క్రమం తప్పని శిక్షణ, చాలినన్ని రక్షణ సామగ్రి నిల్వలు, విధుల మధ్య విశ్రాంతి, మానసిక నిపుణుల సలహా సాధారణ రోజుల్లోనే ఏర్పరచవలసినవి. వ్యాధి వ్యాపించిన తరువాత వీటిని సమకూర్చే వ్యవధి ఉండదు.